సమేరియం-154 టార్గెట్: కార్బన్ రేకు నీళ్లలోనే చిరిగిపోతోంది, ఎక్కడ సరిచేయాలి?

రేకు_విద్యార్థి

అందరికీ నమస్కారం. ఢిల్లీ ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్)లోని పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్ మీద ఆక్సిజన్-16 బీమ్‌తో ఫ్యూజన్ (రెండు కేంద్రకాలు కలిసిపోవడం) కొలత ఉంది. టార్గెట్ (బీమ్ తగిలే పలుచని పొర) సమేరియం-154, పుట్టిన కేంద్రకాల్ని బీమ్ నుంచి వేరుచేసే స్పెక్ట్రోమీటర్ హీరా, బీమ్ శక్తి 58 నుంచి 80 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దాకా. టార్గెట్లు మేమే చేసుకోవాలి. 25 మైక్రోగ్రాముల కార్బన్ రేకు మీద 200 మైక్రోగ్రాముల సమేరియం, పైన పలుచగా మళ్లీ కార్బన్ కావాలి (మందాలన్నీ చదరపు సెంటీమీటరుకే చెప్తున్నా).

ముందు ఉత్త కార్బన్‌తో సాధన చేస్తున్నాం. గాజు స్లైడ్ మీద బేరియం క్లోరైడ్ పూత, దాని మీద వాక్యూమ్ చాంబర్‌లో ఎలక్ట్రాన్ గన్‌తో ఆవిరి చేసిన కార్బన్. ఆ పూత కరిగి రేకు విడిపోయేలా నీళ్లలో తేల్చేటప్పుడు మూడు రకాలుగా చెడిపోతోంది: కొన్ని స్లైడ్‌ని వదలవు, కొన్ని వదలగానే చాప చుట్టినట్టు చుట్టుకుపోతాయి, బాగా తేలినవేమో ఫ్రేమ్ (మధ్యలో బెజ్జం ఉన్న చట్రం) మీద ఆరేటప్పుడు నడిమికి చిరుగుతాయి. పది ముక్కల్లో ఒకటి దక్కితే గొప్ప.

ఇంకో రెండు సందేహాలు. మా దగ్గరున్న ఐసోటోప్ 100 మిల్లీగ్రాముల ఆక్సైడ్ పొడి, దాన్ని లోహంగా ఎలా మార్చాలి? చివరికి మందం 5 శాతం లోపు తేడాతో తెలియాలంటే ఏం చేయాలి?

---

కార్బన్_25

మీరు చెప్పిన మూడూ వేర్వేరు జబ్బులు. విడివిడిగా చూడాలి. చేతివాటం తప్పని చాలామంది అనుకుంటారు కానీ రేకు చిరగడం చాలాసార్లు చాంబర్‌లోనే ఖాయమైపోతుంది, నీళ్ల దగ్గర బయటపడుతుందంతే.

స్లైడ్‌ని వదలకపోవడం. బేరియం క్లోరైడ్ వేసి, చాంబర్ తెరిచి, పదార్థం మార్చి, మళ్లీ పంప్ చేసి కార్బన్ వేస్తున్నారా? అలాగైతే కారణం అదే. ఆ ఉప్పు గాలి తగలగానే తేమ పీల్చుకుని గడ్డలు గడ్డలుగా మారుతుంది, గాజు అక్కడక్కడా బయటపడుతుంది, కార్బన్ నేరుగా గాజుకే అతుక్కుంటుంది. రెండు పొరలూ ఒకే వాక్యూమ్‌లో, మధ్యలో తెరవకుండా వేయండి. ఉప్పు పూత 1000 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటే చాలు.

సీసాలో ఉండే ఉప్పు మామూలుగా రెండు నీటి అణువులతో ఉన్న స్ఫటికం. అలాగే బోటులో (కరెంటుతో వేడెక్కే చిన్న లోహపు తొట్టె) పెట్టి కరెంటు ఇస్తే పేలాల్లా ఎగురుతుంది, స్లైడ్ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్క ఉన్నచోటల్లా రేకులో సూది బెజ్జం. ముందురోజు ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఎండబెట్టండి. చాంబర్‌లో కూడా షట్టర్ (ఆవిరికి అడ్డుపెట్టే పలక) మూసి బోటును మెల్లగా వేడెక్కించండి. పీడనం చూపే గేజ్ ఒకసారి పైకి లేచి మళ్లీ కిందికి దిగాకే షట్టర్ తీయాలి.

స్లైడ్ కడగడం: సబ్బు ద్రావణం, తర్వాత డిస్టిల్డ్ వాటర్, తర్వాత ఆల్కహాల్. కడిగిన స్లైడ్ మీద నోటితో ఊదండి. ఆవిరి సమంగా పరుచుకుని సమంగా మాయమైతే శుభ్రం. మచ్చలు మచ్చలుగా మాయమైతే జిడ్డు ఇంకా ఉంది, మళ్లీ కడగాలి.

చుట్టుకుపోవడం. ఇది పొరలోని బిగువు. గన్ కరెంటు ఒక్కసారిగా పెంచి కార్బన్ గబగబా వేస్తే బిగువు ఎక్కువవుతుంది. సెకనుకు 1 ఆంగ్‌స్ట్రామ్ దాటనివ్వకండి. గ్రాఫైట్ గుళికకు ముందు పది నిమిషాలు తక్కువ కరెంటు ఇచ్చి, షట్టర్ మూసే ఉంచి, దాంట్లోని గాలినంతా పోనివ్వండి. స్లైడ్‌కీ గుళికకీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

వేసిన వెంటనే చాంబర్ తెరవకండి. రాత్రంతా వదిలేసి పొద్దున తెరవడం మంచిది. ఆ తర్వాత అనీలింగ్ (బిగువు పోయేలా వేడిచేసి మెల్లగా చల్లార్చడం) తప్పనిసరి: గొట్టపు కొలిమిలో నైట్రోజన్ పారుతుండగా 325 డిగ్రీల దగ్గర ఒక గంట. ఎక్కేటప్పుడు తొందరపడ్డా పర్వాలేదు, దిగేటప్పుడు కొలిమి దానంతట అది చల్లారాలి. వేడిగా ఉన్న స్లైడ్‌ని బయటికి లాగితే చేసిందంతా వృథా.

ఆరేటప్పుడు చిరగడం. ఫ్రేమ్ బెజ్జం అంచు గోటితో తడిమి చూడండి. గరుకు తగిలితే రేకు అక్కణ్నుంచే చీలుతుంది. సన్న ఎమెరీ కాగితంతో రెండు వైపులా నున్నగా రుద్దాలి. రెండో కారణం బెజ్జంలో నిలిచిపోయే నీటి బొట్టు. అది ఆరుతూ కుంచించుకుపోయేటప్పుడు రేకును మధ్యకి లాగుతుంది.

తేల్చే పద్ధతి ఇది. సన్నని బ్లేడుతో స్లైడ్ మీదే 15 మిల్లీమీటర్ల చదరాలు గీయండి (బెజ్జం 10 మిల్లీమీటర్లు అనుకుంటున్నా). నీళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒకసారి మరగబెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చినవి. మరగబెట్టకపోతే కరిగిన గాలి బుడగలై రేకు కింద చేరుతుంది. స్లైడ్‌ని 30 డిగ్రీలు వాల్చి, నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున దించండి. ఉప్పు కరుగుతున్న కొద్దీ రేకు పైఅంచు నుంచి కాదు, నీళ్లు తాకిన అంచు నుంచి లేచి, పూతరేకు ఊడివచ్చినట్టు నీటి మీద పరుచుకుంటుంది. దించడం ఆపారా, ఆ గీత దగ్గరే మడత పడుతుంది.

తేలిన ముక్కను సన్న గాజు పలకతో ఇంకో గిన్నెలోని శుభ్రమైన నీటికి మార్చి ఒక నిమిషం ఉంచండి, అడుగున అంటిన ఉప్పు పోవాలి. ఫ్రేమ్‌ని నీటి అడుగు నుంచి దాదాపు నిలువుగా తెచ్చి, ముందు ఒక్క అంచును రేకుకు తగిలించి, అలాగే నిలువుగా పైకి తీయండి. పడుకోబెట్టి పైకి ఎత్తితే బెజ్జంలో నీళ్లు నిలుస్తాయి. కింది అంచుకు వడపోత కాగితం ముక్క ఆనిస్తే నీళ్లు లాగేసుకుంటుంది. ఆరేదాకా ఫ్రేమ్ నిలువుగానే ఉండాలి.

మందం గురించి ఒక లెక్క: ఆంగ్‌స్ట్రామ్‌లను సాంద్రతతో గుణించి 100తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు మైక్రోగ్రాములు వస్తాయి. సాంద్రత 2.0 అనుకుంటే 25 మైక్రోగ్రాములకు క్వార్ట్జ్ మానిటర్ (పొర పడుతుండగా మందం కొలిచే పరికరం) 1250 ఆంగ్‌స్ట్రామ్‌లు చూపాలి. మానిటర్‌లో 2.25 పెట్టి ఉంటే దాదాపు 1110 దగ్గరే ఆపాలి. మీకంటే ముందు వాడినవాళ్లు బంగారం సాంద్రత పెట్టి వెళ్లి ఉండొచ్చు కూడా. ప్రతిసారీ ఆ అంకె చూసుకోండి.

---

లాంథనం

కార్బన్ సంగతి పైన సార్ చెప్పేశారు. నేను సమేరియం సంగతి చెప్తాను.

ఆక్సైడ్‌ని నేరుగా ఆవిరి చేసి వేయొద్దు. మీ టార్గెట్‌లో ఆక్సిజన్ ఉండిపోతుంది, బీమ్ కూడా ఆక్సిజనే. లోహంగా మార్చడానికి లాంథనం వాడతారు. లాంథనానికి ఆక్సిజన్ మీద మమకారం దాదాపు సమేరియానికున్నంతే, కానీ అదే వేడి దగ్గర సమేరియంతో పోలిస్తే దాని ఆవిరి పీడనం ఎంతో తక్కువ. అందుకని ఒకే బోటులో రెండింటినీ కలిపి వేడి చేస్తే లాంథనం ఆక్సిజన్‌ని లాక్కుని అక్కడే ఉండిపోతుంది, సమేరియం ఒక్కటే పైకి లేస్తుంది.

కొలతలు: 100 మిల్లీగ్రాముల ఆక్సైడ్‌కు లెక్క ప్రకారం 78 మిల్లీగ్రాముల లాంథనం సరిపోతుంది. 90 నుంచి 95 వేయండి, ఎందుకంటే రజను చేసేటప్పుడే కొంత గాలికి పాడవుతుంది. అంతా సవ్యంగా జరిగితే 86 మిల్లీగ్రాముల సమేరియం రావాలి.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఆక్సైడ్‌ని 850 డిగ్రీల దగ్గర ఒక గంట కాల్చండి. అరుదైన మృత్తికల ఆక్సైడ్లు సీసాలో ఉండగానే తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి. కాల్చకుండా తూస్తే మీరు తూచింది ఆక్సైడ్ ఒక్కటే కాదు. లాంథనం ముద్ద పైన నల్లబడ్డ చర్మాన్ని ఆకురాయితో గీకేసి, లోపలి మెరిసే లోహం నుంచి అప్పటికప్పుడు రజను తీయండి. నిన్నటి రజను వద్దు. రెండూ కలిపి డైలో నొక్కి గుళిక చేయండి, పొడిగా వదిలితే వేడికి ఎగిరిపోతుంది. గుళికను టాంటలం గొట్టంలో గానీ మూత ఉన్న టాంటలం బోటులో గానీ పెట్టి, మూతకు చిన్న బెజ్జం ఉంచండి.

కరెంటు పెంచేటప్పుడు చూపు గేజ్ మీదే ఉండాలి. బోటు ఎర్రబడుతున్నప్పుడు వాయువులు వచ్చి పీడనం లేస్తుంది, అక్కడే ఆగి 10⁻⁶ మిల్లీబార్ శ్రేణికి తిరిగి దిగేదాకా కాయండి. ఇంకా పెంచితే ఒకచోట కరెంటు ఎక్కువవుతున్నా పీడనం హఠాత్తుగా *పడిపోతుంది*. సమేరియం రావడం మొదలైందన్నమాట: చాంబర్ గోడల మీద కొత్తగా పడ్డ లోహం మిగిలిన ఆక్సిజన్‌ని మింగేస్తోంది. షట్టర్ తీయాల్సింది అప్పుడే. సమేరియం కరిగేది 1072 డిగ్రీల దగ్గరైనా, అంతకు చాలా ముందే కర్పూరంలా నేరుగా ఆవిరవుతుంది. అందుకని క్రమంగా పెంచకపోతే ఉన్నదంతా రెండు నిమిషాల్లో వచ్చేసి రేకుల్ని కాల్చేస్తుంది.

దూరం లెక్క: బోటుకు సరిగ్గా పైన వచ్చే మందం, పదార్థం బరువును 3.14 × దూరం × దూరంతో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. 86 మిల్లీగ్రాములు, 10 సెంటీమీటర్లు అయితే 270 మైక్రోగ్రాములు. బోటులో మిగిలేది, మూత బెజ్జం చెదరగొట్టేది తీసేస్తే 200 మైక్రోగ్రాములు రావడానికి 9 నుంచి 10 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. 7కి దించితే మందం రెట్టింపవుతుంది, వేడి కూడా రెట్టింపవుతుంది.

చాంబర్ గోడలకు, బోటు చుట్టూ అల్యూమినియం కాగితం కాకుండా టాంటలం రేకు తొడగండి. దాని మీద పడ్డ సమేరియాన్ని పలుచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆక్సాలిక్ ఆమ్లంతో అవక్షేపం చేసి, కాల్చితే మళ్లీ ఆక్సైడ్ దొరుకుతుంది. ఐసోటోప్‌లో ముప్పాతిక పైన పడేది గోడల మీదే, దాన్ని పారేయకూడదు.

ఇంకొక మాట. 154ని ముట్టుకునే ముందు ఈ మొత్తం తతంగం సహజ సమేరియం ఆక్సైడ్‌తో రెండుసార్లు చేయండి. సహజ సమేరియంలో 154 దాదాపు 23 శాతమే, కానీ రసాయనం ఒక్కటే.

---

రేకు_విద్యార్థి

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ సార్. ఉప్పు వేశాక చాంబర్ తెరుస్తున్న మాట నిజమే, మా దగ్గర తిరిగే హార్త్ (లోపలే పదార్థాల్ని తిప్పి మార్చుకునే పళ్లెం) లేదు, బోటూ గన్నూ ఒకేసారి పెట్టుకునేలా అమర్చాలి.

ఒక అనుమానం: సమేరియాన్ని స్లైడ్ మీదే వేసి, పైన కార్బన్ కప్పి, మూడు పొరలూ కలిపి తేల్చాలా? లేక కార్బన్ రేకుల్ని ముందే ఫ్రేమ్‌లకు ఎక్కించి వాటి మీద సమేరియం వేయాలా?

---

కార్బన్_25

మూడు పొరలూ స్లైడ్ మీదే వేసి తేల్చండి. ఒకే వాక్యూమ్‌లో ఉప్పు, కార్బన్, సమేరియం, మళ్లీ 5 నుంచి 10 మైక్రోగ్రాముల కార్బన్. గాజు వెనక ఉంటుంది కాబట్టి సమేరియం వేడికి రేకు చిరిగే ప్రశ్నే లేదు. ఒక స్లైడ్‌కు ఐదారు టార్గెట్లు వస్తాయి.

---

లాంథనం

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. సమేరియానికీ నీళ్లకూ పడదు. పైనా కిందా కార్బన్ ఉన్నా, బ్లేడుతో కోసిన అంచు నలువైపులా తెరిచే ఉంటుంది. సూది బెజ్జాలుంటే లోపలికి కూడా నీళ్లు వెళ్తాయి. కొత్త పొర వెండి బూడిద రంగులో ఉంటుంది. తేల్చాక అంచు చుట్టూ పసుపుపచ్చగా మారితే అది ఆక్సైడ్ అయిపోయినట్టే. ఇంకోటి, ఒకే వాక్యూమ్‌లో అన్నీ వేస్తే కార్బన్‌కు అనీలింగ్ ఎప్పుడు? సమేరియం మీద ఉండగా 325 డిగ్రీలకు తీసుకెళ్తే కొలిమిలో ఉన్న కొద్ది ఆక్సిజన్ చాలు దాన్ని పాడుచేయడానికి.

నేనైతే కార్బన్ రేకులు అనీల్ చేసి, తేల్చి, ఫ్రేమ్‌లకు ఎక్కించి, ఒక రోజు వాక్యూమ్‌లో ఎండనిచ్చి, ఎనిమిది ఫ్రేమ్‌లను బోటు చుట్టూ ఒకే దూరంలో విల్లు ఆకారంలో అమరుస్తాను. వేడి తగ్గించడానికి బోటుకూ ఫ్రేమ్‌లకూ మధ్య బెజ్జాలున్న టాంటలం పలక అడ్డు పెట్టి, అరనిమిషం షట్టర్ తెరిచి ఒక నిమిషం మూసి, విడతలుగా వేయాలి. ఎనిమిదిలో రెండు మూడు చిరిగినా మిగిలినవి నీళ్లు ముట్టనివి.

---

కార్బన్_25

అనీలింగ్ మాట నిజమే, అది నేను చెప్పలేదు. ఉప్పు, కార్బన్ వేసిన స్లైడ్‌ని బయటికి తీసి అనీల్ చేసి, మళ్లీ లోపల పెట్టి సమేరియం, పై కార్బన్ వేయాలి. కార్బన్ పడ్డాక ఉప్పుకు తేమ అంత త్వరగా అందదు, స్లైడ్‌ని డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) ఉంచితే ఇబ్బంది లేదు. అంచు గురించి: 15 మిల్లీమీటర్ల ముక్కకు 10 మిల్లీమీటర్ల బెజ్జం, చుట్టూ 2.5 మిల్లీమీటర్ల అదనపు అంచు ఉంది. నీళ్లలో మొత్తం రెండు నిమిషాలు మించకపోతే పసుపు అంత లోపలికి పాకదు. సూది బెజ్జాలు ఉన్న స్లైడ్ అయితే మాత్రం లాంథనం గారి పద్ధతే శరణ్యం. దీపానికి అడ్డం పెట్టి చూస్తే బెజ్జాలు చుక్కల్లా కనిపిస్తాయి.

సహజ సమేరియంతో రెండు పద్ధతులూ చేసి చూడండి. మీ చాంబర్‌లో ఏది నిలుస్తుందో అదే.

---

ఆల్ఫా_లెక్క

మందం కొలత. అమెరీషియం-241 ఆల్ఫా శక్తి 5486 కేఈవీ. రేకు లేకుండా ఒకసారి, రేకు అడ్డం పెట్టి ఒకసారి స్పెక్ట్రం తీసి, శిఖరం ఎంత జరిగిందో చూడాలి. ఈ శక్తి దగ్గర కార్బన్‌లో మైక్రోగ్రాముకు దాదాపు ముప్పాతిక కేఈవీ, సమేరియంలో పావు కేఈవీ పోతుంది. అంటే 25 మైక్రోగ్రాముల కార్బన్‌కు 19, 200 మైక్రోగ్రాముల సమేరియానికి 50 కేఈవీ చొప్పున (కచ్చితమైన విలువ, శక్తి నష్టాన్ని లెక్కించే స్రిమ్ ప్రోగ్రాంతో తీసుకోండి). శిఖరం నడిమిని 2 కేఈవీ తేడాతో పట్టుకోగలిగితే సమేరియానికి 4 శాతం. మీరడిగిన 5 శాతం అంచున దొరుకుతుంది. కార్బన్ ఒక్కటే అయితే 10 శాతం, అంతకంటే రాదు.

ఆ 2 కేఈవీ దక్కాలంటే ఆంప్లిఫయర్ జరగకుండా ఉండాలి. రేకు ముందు, రేకు తర్వాత, మళ్లీ రేకు లేకుండా తీయండి. మొదటిదీ మూడోదీ కలవకపోతే ఆ కొలత వదిలేయండి. క్యాలిబ్రేషన్‌కు ప్లుటోనియం-239 (5157), అమెరీషియం (5486), క్యూరియం-244 (5805) కలిసిన మూలం ఉంటే వాలు కూడా తెలుస్తుంది. మూలం ముందు 2 మిల్లీమీటర్ల కొలిమేటర్ (సన్న బెజ్జం ఉన్న అడ్డు పలక) పెట్టి రేకు మీద మూడు చోట్ల కొలవండి. నడిమికీ అంచుకీ తేడా అలాగే బయటపడుతుంది.

ఆక్సిజన్ ఎంత చేరిందో మాత్రం ఆల్ఫాతో తెలియదు. దానికి ఐయూఏసీలోనే 1.7 మిలియన్ వోల్టుల చిన్న పెల్లెట్రాన్ మీద రూథర్‌ఫర్డ్ వెనుదిరుగు కొలత (వెనక్కి తిరిగొచ్చే ఆల్ఫా శక్తిని బట్టి ఏ మూలకమో గుర్తించడం) చేయించుకోండి. 2 ఎంఈవీ ఆల్ఫాకు దాదాపు వెనక్కి వచ్చే కోణంలో సమేరియం అంచు 1.80 ఎంఈవీ దగ్గర, క్లోరిన్ 1.26, ఆక్సిజన్ 0.72, కార్బన్ 0.50 దగ్గర కనిపిస్తాయి. బేరియం అంచు 1.78, అది సమేరియం గుట్టలో దాగిపోతుంది. కాబట్టి ఉప్పు మిగిలిందా లేదా అన్నది క్లోరిన్ శిఖరం చూసి చెప్పాలి. సమేరియం అంచుకు పైన, 1.83 దగ్గర చిన్న భుజం కనిపిస్తే బోటులోని టాంటలం వచ్చి పడింది, అంటే బోటును అవసరానికి మించి కాల్చారు.

అయితే మీ 5 శాతం పట్టింపు నిజంగా ఎక్కడ కావాలో ఆలోచించండి. ఫ్యూజన్ క్రాస్ సెక్షన్ (ఫ్యూజన్ జరిగే అవకాశం) కోసం ఫ్యూజన్ లెక్కను మానిటర్ డిటెక్టర్లలోని (టార్గెట్‌కు తగిలి చెదిరిన బీమ్‌ను లెక్కపెట్టేవి) రూథర్‌ఫర్డ్ లెక్కతో భాగిస్తారు కదా. అదే టార్గెట్, అదే బీమ్. మందం పైనా కిందా ఉండి కొట్టుకుపోతుంది. మందం కావాల్సింది శక్తి నష్టానికి. 65 ఎంఈవీ ఆక్సిజన్‌కు కార్బన్‌లో 0.12, సమేరియంలో 0.4 ఎంఈవీ పోతుంది. సమేరియం మందం 10 శాతం తప్పైనా, పొర నడిమి దగ్గర శక్తిలో తేడా 0.02 ఎంఈవీయే. మీరు 1 ఎంఈవీ మెట్లలో వెళ్తుంటే అది లెక్కలోకి రాదు. సమయం ఆక్సిజన్ మీద, సమానత్వం మీద పెట్టండి.

---

బీమ్‌హాల్_ఒకటి

టార్గెట్లు చేసేవాళ్లు చెప్పాల్సింది చెప్పారు. బీమ్‌లైన్‌లో పెట్టేటప్పుడు పోగొట్టుకోకుండా ఉండటానికి కొన్ని.

ఏ వైపు బీమ్‌కు ఎదురు? కార్బన్ రేకు బీమ్ వైపు, సమేరియం హీరా వైపు. మీ ఫ్యూజన్ శేషాలు యిటర్బియం చుట్టుపక్కల భారీ కేంద్రకాలు, 65 ఎంఈవీ బీమ్‌కు వాటికి దక్కేది 6 ఎంఈవీ మాత్రమే. అంత నెమ్మదైనవి 25 మైక్రోగ్రాముల కార్బన్ దాటి రావాల్సి వస్తే శక్తి పోయి, దిశ చెదిరి, స్పెక్ట్రోమీటర్ దాకా వచ్చేవి తగ్గిపోతాయి. పై కార్బన్ 5 నుంచి 10 అన్నారు కానీ, 5 మైక్రోగ్రాములు దాటనివ్వొద్దు, అదీ ఇందుకే. ఫ్రేమ్ వెనక పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి, లాడర్ (టార్గెట్లు వరుసగా బిగించే పట్టీ) మీద పెట్టాక ఏ వైపు ఏదో కంటికి తెలియదు.

లాడర్‌లో ఒక ఖాళీ ఫ్రేమ్, ఒక ఉత్త కార్బన్ రేకు, 3 మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న క్వార్ట్జ్ పలక తప్పకుండా పెట్టండి. ఖాళీ ఫ్రేమ్‌లో మానిటర్లు లెక్కలు చూపిస్తే బీమ్ అంచులు ఫ్రేమ్‌ని తాకుతున్నట్టు, అప్పుడే ట్యూన్ చేయించుకోవాలి. మానిటర్లు రెండు వైపులా 25 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, బీమ్ కోణం 1 డిగ్రీ తప్పితే ఒకవైపు దాదాపు 16 శాతం పెరిగి ఇంకోవైపు అంతే తగ్గుతుంది. ఎడమ కుడి నిష్పత్తిని ప్రతి రన్‌కూ రాసుకోండి.

చాంబర్‌ని వాక్యూమ్‌కు తీసుకెళ్లేటప్పుడే ఎక్కువ రేకులు పోతాయి, బీమ్ వల్ల కాదు. రోటరీ పంప్ వాల్వ్‌ని పావు వంతు కూడా కాదు, చప్పుడు మొదలయ్యేంతే తిప్పి, పదిహేను నిమిషాలు తీసుకోండి. తెరిచేటప్పుడు కూడా అంతే, పొడి నైట్రోజన్‌తో.

బీమ్ వేడి లెక్క సులువు: టార్గెట్‌లో పోయే ఎంఈవీని పార్టికల్ నానో ఆంపియర్లతో గుణిస్తే మిల్లీవాట్లు. 0.5 ఎంఈవీ, 2 పార్టికల్ నానో ఆంపియర్లు అంటే 1 మిల్లీవాట్. ఈ టార్గెట్‌కు అది ఏమీ కాదు. ఫారడే కప్ మీటరు చూపేది ఎలక్ట్రికల్ కరెంటు, దాన్ని అయాన్ ఆవేశంతో భాగించాలి. ఆక్సిజన్ 6+ అయితే 12 నానో ఆంపియర్లు కనిపిస్తే నిజంగా 2 పార్టికల్ నానో ఆంపియర్లే. 6+కి 65 ఎంఈవీ రావాలంటే టెర్మినల్ (యంత్రంలో అధిక వోల్టేజి ఉండే భాగం) 9.3 మిలియన్ వోల్టుల దగ్గర ఉంటుంది, 15 మిలియన్ వోల్టుల యంత్రానికి అది సుఖంగా నడిచే చోటు. 58 నుంచి 80 దాకా వెళ్లేటప్పుడు శక్తిని ఒకే దిశలో మార్చమని ఆపరేటర్‌ను అడగండి. బీమ్ శక్తిని ఎంచే ఎనలైజింగ్ మాగ్నెట్‌ను ముందుకీ వెనక్కీ తిప్పితే ఇనుము పాత అయస్కాంతత్వం వదలక శక్తిలో చిన్న తేడా వస్తుంది. తప్పక వెనక్కి రావాల్సివస్తే మాగ్నెట్‌ని సైకిల్ (గరిష్ఠం దాకా పెంచి దించడం) చేయించాలి.

---

రేకు_విద్యార్థి

మందం కొట్టుకుపోతుందన్నది తట్టనే లేదు సార్, చాలా పని తగ్గింది. చివరిగా ఒకటి: టార్గెట్లు మా ఊళ్లో చేసి ఢిల్లీ తీసుకెళ్లొచ్చా? రైల్లో ఒకటిన్నర రోజు.

---

లాంథనం

కార్బన్ రేకులైతే తీసుకెళ్లండి, సమేరియం అక్కడే వేయించుకోండి. అలా కుదరకపోతే చిన్న వాక్యూమ్ డెసికేటర్‌లో ఫ్రేమ్‌లను నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా గాడుల్లో దిగబెట్టి, ఒకసారి గాలి తీసి ఆర్గాన్ నింపి, మళ్లీ తీసి, సగం పీడనం ఆర్గాన్‌తో మూసేయండి. అడుగున కొత్త సిలికా జెల్ ఉండాలి. సీటు కింద పెడితే చక్రాల అదురంతా దానికే తగులుతుంది, స్పాంజి చుట్టి ఒళ్లో పెట్టుకోవడమే మేలు. చేరగానే తెరవకండి, టార్గెట్ ల్యాబ్‌లో వాటిని వెంటనే వాక్యూమ్‌లో పెట్టుకునేందుకు పంప్ మీకు దొరికాకే తెరవండి.